వెదకుటలోని నేర్పు: కంప్యూటరు తన కనెక్షనులను గుర్తించు విధము

లోకములో జరుగు పనులలో సగము వెదకుటయే. తల్లి పోపులపెట్టెలో మెంతులను వెదకును. రెవెన్యూ ఉద్యోగి అడంగలులో సర్వే నంబరును వెదకును. ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో పేరును వెదకును. తొంబదితొమ్మిది గొఱ్ఱెలను విడిచి, తప్పిపోయిన యొక్కదానికై కొండలు తిరిగిన కాపరి కథ మన పిల్లలందఱు సండేస్కూలులో వినినదే. ఆ వెదకుట ప్రేమచేత జరిగినది గనుక అందలి శ్రమను లెక్కింపరాదు. కాని సెకనునకు పదివేల పర్యాయములు వెదకవలసిన యంత్రము విషయములో శ్రమను లెక్కింపకున్న పని జరుగదు.

ఈ పాఠశాలలో చదివి పైచదువులకు పోయిన విద్యార్థులు సెలవులలో వచ్చినపుడు మేము వారిని, "త్వరగా వెదకుటకు దత్తాంశముల నెట్లమర్చవలెను?" అని యడుగుచుందుము. "హాష్ పట్టిక" యని వెంటనే చెప్పుదురు. ఆ జవాబునకు పరీక్షలో మార్కులు వచ్చును. "ఎందుచేత? ఎప్పుడు అది తగదు?" అని మఱల నడిగినచో పలువురు మౌనము వహింతురు. ఆ రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. క్రింది తరగతుల పిల్లలకును తెలియుటకై తేలిక యుదాహరణములతో నారంభించుచున్నాము.

1. ప్రశ్న యేమి?

2017వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితము చేసిరి. గాజుతీగల ద్వారమునను, సెల్‌ఫోను స్తంభముల ద్వారమునను నేడు పల్నాటి గ్రామములు లోకమంతటితో మాటలాడుచున్నవి. గురజాలలో ఒక బాలిక ఫోనులో పరీక్షాఫలితము చూచుచున్నదనుకొందము. దూరమున నున్న సర్వరు పంపు సమాచారము ఒక్క ముద్దగా రాదు. చిన్నచిన్న తునకలుగా వచ్చును. వీనికి ప్యాకెట్టులని పేరు. అదే క్షణమున ఆ సర్వరు మాచర్ల బాలునితోను, నరసరావుపేటలోని తండ్రితోను, మఱి వేలమందితోను మాటలాడుచుండును. ఇట్టి యొక్కొక్క సంభాషణమునకు కనెక్షను అని పేరు.

సర్వరునకు ప్యాకెట్టు చేరినంతనే అందలి ఆపరేటింగు సిస్టము వేసికొనవలసిన మొదటి ప్రశ్న, "ఇది యెవరి సంభాషణములోనిది?" అనునదే. గుఱుతులు నాలుగు గలవు: పంపినవారి చిరునామా, పంపినవారి పోర్టు సంఖ్య, తన చిరునామా, తన పోర్టు సంఖ్య. చిరునామా వీధి వంటిది, పోర్టు తలుపు నంబరు వంటిది. పాత పద్ధతిలో చిరునామాకు 32 బిట్లు, పోర్టునకు 16 బిట్లు గనుక నాలుగును కలిసి 96 బిట్లగును. క్రొత్త పద్ధతిలో చిరునామాకే 128 బిట్లుండుటచేత మొత్తము 288 బిట్లు.

"ప్రతి గుఱుతునకు ఒక గడి ముందుగనే కట్టి యుంచరాదా?" యని తెలివిగల పిల్లవాడు అడుగవచ్చును. 96 బిట్లతో ఏర్పడగల గుఱుతుల సంఖ్యను వ్రాయవలెనన్న 29 అంకెలు కావలెను. అన్ని గడులు గల యంత్రము భూమిమీద లేదు. కావున ఇప్పుడు నడచుచున్న కనెక్షనులను మాత్రమే వ్రాసికొని, వానిని వెదకుటకు అనుకూలముగా అమర్చుకొనవలెను. ఆ యమరికయే దత్తాంశ నిర్మాణము.

2. గొలుసు

మన పాఠశాలలోని అడ్మిషను రిజిస్టరును జ్ఞప్తికి తెచ్చికొనుడు. అందు పేర్లు చేరిన దినముల వరుసలో నుండును. ఇరువది యేండ్ల క్రిందట చదివినవాడు టీ.సీ. నకలు కావలెనని వచ్చి, తన పేరు తప్ప నంబరు గాని సంవత్సరము గాని చెప్పలేకపోయినచో, గుమాస్తా పుటపుటయు త్రిప్పవలసినదే. రెండువేల పేర్లున్నచో సగటున వేయి పేర్లు చదువవలెను.

కంప్యూటరులో ఇట్టి యమరికకు గొలుసు అని పేరు. ఒక్కొక్క కొక్కెము తరువాతిదానిని చూపుచుండును. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి బర్కిలీ శాఖనుండి వెలువడిన 4.2 బీ.ఎస్.డీ. అను యూనిక్సు వ్యవస్థ తన కనెక్షనులను ఇట్టి గొలుసుననే యుంచెను. నాడు ఒక యంత్రమునకు కనెక్షనులు కొద్దిగనే యుండెడివి గనుక అది తప్పుకాదు. పిమ్మట దానికి ఒక యుపాయము చేర్చిరి. కడపట ఎవరి ప్యాకెట్టు వచ్చెనో ఆ పేరును చేతిలోనే యుంచుకొని, తరువాతి ప్యాకెట్టునకు ముందుగా దానినే పోల్చి చూచుట. పెద్ద ఫైలు వచ్చునపుడు ఒకరి ప్యాకెట్టులే రైలుపెట్టెలవలె వరుసగా వచ్చును గనుక ఈ యుపాయము చక్కగా పనిచేసెను.

కాని గొలుసులో ఒక అన్యాయము దాగియున్నది. క్రొత్తగా వచ్చినవానిని మొదట చేర్చుట సులభము గనుక అట్లే చేయుదురు. అందుచేత ముందువచ్చి చిరకాలముగా వేచియున్నవాడు తోకకు చేరును, వానిని కనుగొనుటకే యెక్కువ కాలము పట్టును.

3. వరుసయు, వృక్షమును

పేర్లను అక్షరక్రమములో వ్రాసినచో నిఘంటువును వెదకునట్లు నడుమ పుట విప్పి, ముందా వెనుకా యని చూచుచు ప్రతిసారి సగము విడిచిపెట్టవచ్చును. రెండువేల పేర్లకు పదునొకండు పోలికలు చాలును. లక్ష పేర్లకు పదునేడు, పదిలక్షలకు ఇరువది. ఐదువందల రెట్లు పెరిగిన పట్టికకు తొమ్మిది పోలికలు మాత్రమే పెరిగినవి.

అయితే నిండియున్న పుట నడుమ క్రొత్త పేరును దూర్చుట యెట్లు? క్రిందివానినన్నిటిని జరుపవలెను. ఈ చిక్కును తొలగించుటకు పేర్లను కొమ్మలుగా చీలు వృక్షమువలె అమర్చుదురు. ఒకవైపే పెరిగి పొడుగుపాటి కఱ్ఱవలె కాకుండ దానిని సరిచేయుచుండు పద్ధతిని 1962లో సోవియట్ దేశపు గణితవేత్తలు ఆడెల్సన్-వెల్‌స్కీ, లాండిస్ అనువారు ప్రకటించిరి. దాని ముఖ్యగుణమేమనగా, ఏ పేర్లు ఏ క్రమమున వచ్చినను వెదకు శ్రమ ఒక హద్దు దాటదు. ఈ మాటను గుఱుతుంచుకొనుడు, మఱల దీనితో పనియున్నది.

4. అరలు

తపాలా కార్యాలయములో ఉత్తరములను వేఱుచేయు బీరువాకు అనేకమైన అరలుండుట చూచియుందురు. ఉత్తరముపై నున్న గుఱుతును బట్టి ఏ అరయో నిర్ణయించి అందుంచుదురు. హాష్ పట్టిక యిట్టిదే. గుఱుతును ఒక లెక్కలో వేసి, వచ్చిన సంఖ్య గల అరలో దానిని చేర్చుదురు. వెదకునపుడు మఱల అదే లెక్క వేసి, ఆ యొక్క అరను మాత్రమే చూతురు. ఐ.బీ.ఎం. సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1953లోనే ఈ యూహను వ్రాసియుంచెను.

లెక్క మంచిదై యుండవలెను. విద్యార్థుల కార్డులను పేరులోని మొదటి అక్షరమును బట్టి అరలలో నుంచినచో "ర", "వ", "శ", "స" అరలు క్రిక్కిఱిసియుండును. "ఘ", "ఝ", "ఢ" అరలలో సాలెపురుగులు గూడు కట్టును. అడ్మిషను నంబరులోని చివరి రెండంకెలను బట్టి యుంచినచో నూఱు అరలును ఇంచుమించుగా సమముగా నిండును. బీరువా యొక్కటే, కార్డులును అవియే. లెక్క మాత్రమే మాఱినది.

5. 1992 నాటి పరిశీలన

అమెరికాలోని సీక్వెంట్ అను కంప్యూటరు సంస్థవారైన పాల్ మెకెన్నీ, కెన్ డవ్ అనువారు 1992లో ఈ విషయమును గూర్చి ఒక పత్రమును ప్రకటించిరి. వారి యంత్రములు బ్యాంకు లావాదేవీల వంటి పనులకు వాడబడునవి. గుమాస్తాలు వేలకొలది యుందురు. ఒక్కొక్కరు చిన్న ప్రశ్న పంపి, జవాబు చూచి, కొంతసేపు ఆలోచించి, మఱల పంపుదురు. ఇచ్చట ఒకరి ప్యాకెట్టు తరువాత వారిదే రాదు. కడపటి పేరును చేతిలో నుంచుకొను ఉపాయము నిష్ప్రయోజనమగును. వారు గొలుసును విఱిచి, హాష్ లెక్కచేత అనేకములైన చిన్న గొలుసులుగా చేయుటయే మేలని చూపిరి.

లెక్క మనమే వేయవచ్చును. రెండువేల కనెక్షనులు ఒక్క గొలుసున నున్నచో సగటున వేయి పోలికలు. పందొమ్మిది గొలుసులుగా చీల్చినచో ఒక్కొక్కదానిలో సుమారు 105, సగటున 53 పోలికలు. ఒక పోలికకై జ్ఞాపకశాలను చూచుటకు నూఱు నానోసెకన్లు పట్టుననుకొందము. సెకనునకు పదివేల ప్యాకెట్టులు వచ్చినచో, ఒక్క గొలుసు పద్ధతిలో వెదకుటకే ఒక సెకను పూర్తిగా ఖర్చగును! యంత్రము వెదకుట తప్ప వేఱు పని చేయలేదు. పందొమ్మిది గొలుసులున్నచో సెకనులో ఇరువదియవ వంతు చాలును. పరీక్షాఫలితముల దినమున "నెట్టు లేదు" అని విసిగికొను తండ్రికి ఈ రెండు లెక్కల నడుమ నున్న భేదము కనబడదు. దాని ఫలము మాత్రము అనుభవమునకు వచ్చును.

ఇప్పుడొక్కమాట. వృక్షమునకు పదునొకండు పోలికలే గదా, పందొమ్మిది అరలకు 53 అయినపుడు హాష్ పట్టిక గెలిచినదెట్లు? నిజమే, ఆ లెక్కలో వృక్షమే గెలిచినది. అరలను 2,048కి పెంచినచో సగటు ఒకటిన్నరకు దిగును. కాని కనెక్షనులు లక్షకు పెరిగి అరలు 2,048 గనే యున్నచో ఒక్కొక్క అరలో 49 చేరి, సగటు సుమారు 25 అగును. వృక్షమునకు 17 చాలును. కావున హాష్ పట్టిక త్వరగా పనిచేయుననుట సత్యముకాదు. తగినన్ని అరలు గల హాష్ పట్టిక త్వరగా పనిచేయుననుట సత్యము. అందుచేతనే లీనక్స్ వ్యవస్థ యంత్రము మేల్కొనునపుడే దాని జ్ఞాపకశాల యెంతయో చూచి, అరల సంఖ్యను నిర్ణయించును.

పోలికల సంఖ్య ఇంచుమించుగా సమమైనపుడును అరలకొక అధికగుణము గలదు. నేటి యంత్రములలో అనేక ప్రాసెసరులు ఒకేసారి పనిచేయును. వృక్షములో ఒక పేరు చేర్చినపుడు కొమ్మలు సరిచేయుట ఒక్కొక్కప్పుడు మొదలుదాక పోవును, ఆ లోపల తక్కినవారు వేచియుండవలెను. అరల బీరువాలో ఒక అరకు తాళము వేసినను తక్కిన అరలు తెఱచియే యుండును. చదువువారు తాళముకొఱకు ఆగనక్కఱలేని ఆర్.సీ.యూ. అను పద్ధతి 2002లో లీనక్స్‌లో చేరెను. దానిని పెంపొందించినవారిలో ముఖ్యుడు పైన చెప్పిన మెకెన్నీయే.

6. పేర్లను ఇచ్చువాడు శత్రువైనచో?

ఇంతవఱకు వచ్చువారందఱు మంచివారే యనుకొంటిమి. 1996 సెప్టెంబరులో న్యూయార్కులోని పానిక్స్ అను ఇంటర్నెట్టు సంస్థపై ఎవరో కపట చిరునామాలతో "సంభాషణ మొదలుపెట్టుదము" అను ప్యాకెట్టులను కుప్పలుగా కురిపించిరి. సగము తెఱచిన కనెక్షనులను వ్రాసికొను పట్టిక నిండిపోయెను. నిజమైన ఖాతాదారులకు చోటు దొరకలేదు. ఆ నెలలోనే డానియెల్ బెర్న్‌స్టీన్ ఒక యుపాయమును సూచించెను: వచ్చినవానిని వెంటనే పట్టికలో వ్రాయకుము, జవాబులోని సంఖ్యలోనే రహస్యపు గుఱుతు నిమిడ్చి పంపుము, అతడు దానిని సరిగా తిరిగి తెచ్చినపుడే చోటిమ్ము. కపట చిరునామావానికి ఆ జవాబు చేరనే చేరదు గనుక తిరిగి తేలేడు.

2003లో రైస్ విశ్వవిద్యాలయమువారైన స్కాట్ క్రాస్బీ, డాన్ వాలక్ అనువారు ఇంకొక అపాయమును స్పష్టపఱచిరి. హాష్ లెక్క అందఱికి తెలిసినదైనచో, దుర్మార్గుడు ఒకే అరలో పడు పేర్లను ఏరి పంపవచ్చును. పంపువాని పోర్టు వాని చేతిలోనిదే గదా! రెండువేల పేర్లు ఒక్క అరలో పడినచో మనము మఱల ఒంటి గొలుసునకు, వేయి పోలికలకు తిరిగి వచ్చితిమి. తక్కిన అరలన్నియు ఖాళీగా నుండి ప్రయోజనమేమి?

దీనికి మందులు రెండు. మొదటిది, యంత్రము మేల్కొనినపుడు ఒక రహస్యసంఖ్యను ఏర్పఱచుకొని దానిని లెక్కలో కలుపుట. అపుడు ఏ పేరు ఏ అరలో పడునో బయటివానికి తెలియదు. ఇందులకై 2012లో ఓమాసన్, బెర్న్‌స్టీన్ అనువారు సిప్‌హాష్ అను లెక్కను ప్రకటించిరి; అది 2017లో లీనక్స్‌లో చేరెను. రెండవది, శత్రువునకైనను హద్దు దాటని వృక్షమును వాడుట. 2014లో వచ్చిన జావా ఎనిమిదవ రూపములో అరలను, వృక్షమును కలిపి, ఒక అర మితిమీరి నిండినచో ఆ అరలోని గొలుసును వృక్షముగా మార్చు నేర్పాటు చేసిరి. సగటు మంచిదైనంత మాత్రాన నిశ్చింతగా నుండరాదనుటకు ఇది మంచి నిదర్శనము.

7. ప్రశ్న మాఱినచో అమరికయు మాఱును

మన దేశములో 1972 ఆగస్టు 15న పిన్‌కోడు ప్రవేశపెట్టబడెను. నరసరావుపేటకు 522601, మాచర్లకు 522426, గురజాలకు 522415. మూడింటికిని మొదటి అంకెలు 522 గదా. ఢిల్లీలో ఉత్తరములు వేఱుచేయువానికి చివరి అంకెలతో పనిలేదు. 522 అని చూచి గుంటూరువైపు సంచిలో వేయును. చివరి అంకెలు ఇచ్చటికి వచ్చిన పిమ్మట చూడవలసినవి.

ఇంటర్నెట్టులో త్రోవచూపు యంత్రములకు రౌటరులని పేరు. వాని ప్రశ్నయు ఇట్టిదే: "ఈ చిరునామాతో ఎక్కువ మొదటి బిట్లు కలియు త్రోవ యేది?" హాష్ పట్టిక మొత్తము గుఱుతును ఒక్కసారిగా నూఱి సంఖ్య చేయును గనుక మొదటి అంకెల పోలిక అందు నశించును. కావున ఇచ్చట అంకె అంకెకు కొమ్మ చీలు ట్రై అను వృక్షమును వాడుదురు. లీనక్స్ 2012లో త్రోవలకై యుంచుకొన్న పాత హాష్ నిలువను తీసివేసి, ట్రైనే నమ్ముకొన్నది. కనెక్షనునకు హాష్, త్రోవకు ట్రై. ఒకే యంత్రములో ఒకే ప్యాకెట్టునకు రెండు ప్రశ్నలు, రెండు అమరికలు!

8. ఎన్నుకొనువాడు అడుగవలసిన ప్రశ్నలు

మొదటిది: ఏమి యడుగుదురు? గుఱుతు పూర్తిగా తెలిసినచో అరలు. "దీనికి దానికి నడుమ" అని గాని "అన్నిటికంటె ముందు ముగియునది" అని గాని యడిగినచో వరుస తప్పని వృక్షము వంటివి. మొదటి భాగము మాత్రమే ముఖ్యమైనచో ట్రై.

రెండవది: ఎన్ని? ఇరువది పేర్లకు గొలుసే చాలును. చీమను చంపుటకు సమ్మెట యేల?

మూడవది: ఎంత తఱచుగా చేరి, తొలగిపోవును? ముగిసిన కనెక్షనును, ముందుగా ముగించిన పక్షము కొంతకాలము వ్రాసియుంచుకొనవలెను; లీనక్స్‌లో ఇది 60 సెకన్లు. సెకనునకు వేయి కనెక్షనులు ముగించు సర్వరులో, ముగిసినవే అఱువదివేలు పట్టికలో నుండును. నడచుచున్నవానిని మాత్రమే లెక్కించి అరలు కట్టినవాడు మోసపోవును.

నాలుగవది: పేర్లను ఇచ్చువాడెవడు? మన గుమాస్తాయే యిచ్చినచో సామాన్యమైన లెక్క చాలును. వీధిలో పోవు ప్రతివాడు ఇయ్యగలిగినచో రహస్యము గల లెక్క కావలెను.

విద్యార్థులారా! "హాష్" అను జవాబు కనెక్షనుల విషయములో సరియైనదే. పూర్తిగా తెలిసిన గుఱుతు, వేగముగా చేరి తొలగు పేర్లు, అనేక ప్రాసెసరులు, వీనినన్నిటిని చూచి, తగినన్ని అరలను రహస్యసంఖ్యను సమకూర్చిన పిమ్మట సరియైనది. ఈ కారణములను విడిచి జవాబును మాత్రమే కంఠస్థము చేసినవాడు, ప్రశ్న కొంచెము మాఱినంతనే దారితప్పును. ఫలితముకొఱకు ఫోను పట్టుకొని వేచియున్న యే పల్లెటూరి బిడ్డయో అతని తప్పునకు మూల్యము చెల్లించును. తలిదండ్రులకు మా విన్నపము: మీ పిల్లలు జవాబు చెప్పినపుడు, అది మీకు తెలియని విషయమైనను, "ఎందుచేత?" అని యొక్కసారి యడుగుడు.

అభ్యాసము

1. మీ తరగతి పేర్లను మొదటి అక్షరమును బట్టి అరలలో నుంచి, నిండిన అరలో ఎందఱున్నారో చూడుడు. పిమ్మట రోల్ నంబరు చివరి అంకెను బట్టి పది అరలలో నుంచి పోల్చుడు.

2. నాలుగువేల కనెక్షనులు నలువది అరలలో సమముగా నున్నవి. సగటున ఎన్ని పోలికలు? అన్నియు ఒక్క అరలో పడినచో ఎన్ని?

3. ఈ ప్రశ్నలకు ఏ యమరిక తగును, ఎందుచేత? హాల్‌టికెట్టు నంబరు తెలిసిన విద్యార్థి మార్కులు. ఐదువందలకును ఐదువందల యేబదికిని నడుమ మార్కులు వచ్చినవారు. 5224 అను అంకెలతో మొదలగు పిన్‌కోడు గల తపాలా కార్యాలయములు.